ఏ అవయవంలో పుట్టినా ఒకే పోలిక

ప్రోస్టేట్ క్యాన్సర్‌కి హార్మోన్ ఇంజెక్షన్లు వాడుతున్న మనిషికి లివర్‌లో గడ్డలొచ్చాయి, రక్తంలో ప్రోస్టేట్ క్యాన్సర్ జాడ చూసే పీఎస్ఏ మాత్రం పెరగలేదు. పెరగలేదని ఇంట్లోవాళ్లు ఊరట పడతారు. పాథాలజిస్టునైన నాకు అనుమానం మొదలయ్యేది అక్కడే.

లివర్ నుంచి తీసిన ముక్కని మైక్రోస్కోప్ కింద పెడితే అన్నీ చిన్న కణాలు, చుట్టూ సైటోప్లాజం ఉందా లేదా అన్నంత పలచన. కేంద్రకంలో ఉప్పూ మిరియాల పొడీ కలిపి చల్లినట్టు క్రోమాటిన్. సూది ఒత్తిడికే కొన్ని నలిగి సాగిపోయాయి. నాడీకణాల పోలికున్న కణాలని పట్టిచ్చే సినాప్టోఫైసిన్ స్టెయిన్ వేస్తే గోధుమరంగు పట్టింది. కేసు వివరాలు దాచి స్లైడొక్కటే ఇస్తే, పొగతాగేవాళ్ల ఊపిరితిత్తుల్లో వచ్చే స్మాల్ సెల్ క్యాన్సరనే అంటాను.

ఆ పోలిక ఊరికే రాలేదు. రెండు చోట్లా సాధారణంగా టీపీ53, ఆర్‌బీ1 అనే కాపలా జన్యువులు పనిచేయడం మానేస్తాయి. 2018లో లాస్ ఏంజెలిస్‌లోని యూసీఎల్ఏలో ఓవెన్ విట్టి బృందం ఆ రెండిటినీ దెబ్బతీసి, ఎంవైసీ, బీసీఎల్2, ఏకేటీ1 అనే జన్యువులను రెచ్చగొట్టింది. మామూలు ప్రోస్టేట్ కణాలూ, ఊపిరితిత్తుల కణాలూ ఎలుకల్లో స్మాల్ సెల్ గడ్డలే అయ్యాయి. మరుసటి ఏడాది అక్కడివాళ్లే, ఈ తరహా క్యాన్సర్ల బలహీనతలు రక్త క్యాన్సర్లకి దగ్గరగా ఉన్నాయని చూపించారు.

అందుకే మందూ మారుతుంది. హార్మోన్‌తో పనిలేని ఈ కణానికి హార్మోన్ చికిత్సొక్కటే చాలదు. వేగంగా విభజన చెందే కణం కనక డీఎన్ఏని దెబ్బకొట్టే సిస్‌ప్లాటిన్ లేదా కార్బోప్లాటిన్, తోడుగా ఎటోపొసైడ్, ఊపిరితిత్తులకైనా ప్రోస్టేట్‌కైనా అవే. గడ్డ మొదట త్వరగానే కరుగుతుంది. చాలామందిలో నెలల్లోనే తిరిగొస్తుంది కూడా. ఇలాంటి చాలా కణాల పైన డీఎల్ఎల్3 అనే ప్రొటీన్ ఉంటుంది. దాన్నీ మన రోగనిరోధక టీ కణాన్నీ దగ్గరకు చేర్చే మందు టార్లటమాబ్‌కి 2024 మేలో అమెరికా అనుమతిచ్చింది, ఊపిరితిత్తుల స్మాల్ సెల్‌కి మాత్రమే. ప్రోస్టేట్ రోగుల మీద ట్రయల్స్ చేశారు.

ఇంత తెలిసినా రెండో ముక్క పరీక్ష దగ్గరే బండి ఆగుతుంది. “మొదట్లో తీశారుగా డాక్టరుగారూ, మళ్లీ ఎందుకు? సూది గుచ్చితే పాకుతుందట” అంటారు. అలా పాకడం చాలా అరుదు. పాత రిపోర్టు పట్టుకు కూర్చుంటే మాత్రం మారిపోయిన జబ్బుకి పాత మందే నడుస్తుంది. ఇలాంటి స్లైడు కనబడితే టైపు రిపోర్టు వెళ్లేదాకా ఆగను, ఆంకాలజిస్టుకి అప్పుడే ఫోన్ చేస్తాను.