విద్యుత్ కార్ల ప్రయాణపరిధి: ప్రకటనలోని అంకె, కడప జిల్లా రహదారి

వ్యాససంగ్రహం:
విద్యుత్ కారు ఒకసారి పూర్తిగా చార్జ్ చేస్తే ఎంత దూరం వెళ్తుందో తెలిపే ప్రకటనాంకెకూ, రహదారిపై వాస్తవంగా లభించే దూరానికీ మధ్య గల అంతరాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఆ అంకె పుట్టే పరీక్షాపద్ధతిని వివరించి, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతపు వేడికి, వేగానికి, ఎత్తుపల్లాలకు దానిని అన్వయిస్తుంది. ప్రకటనాంకె అబద్ధం కాదనీ, దాని షరతులు కొనుగోలుదారుకు తెలిసే భాషలో లేకపోవడమే అసలు లోపమనీ ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: విద్యుత్ కారు, ప్రయాణపరిధి, భారతీయ చోదన చక్రం, యూనిట్, ప్రకటన, కడప జిల్లా.

1. ఉపోద్ఘాతం

కారు కొనబోయేవారు తెలుగునాట మొదట అడిగే ప్రశ్న "మైలేజీ ఎంత?" అన్నది. పెట్రోలు, డీజిలు కార్ల విషయంలో ఆ మాటకు లీటరుకు ఎన్ని కిలోమీటర్లు అని అర్థం. అది ఒక నిష్పత్తి. విద్యుత్ కారు ప్రకటనలో పెద్ద అక్షరాలతో కనిపించేది నిష్పత్తి కాదు, మొత్తం దూరం. దానిని వ్యాపార పరిభాషలో రేంజ్ అంటారు. ఈ వ్యాసంలో ప్రయాణపరిధి అని వ్యవహరించడమైనది. వ్యవహారంలో మాత్రం దీనినీ మైలేజీ అనే అంటున్నారు. ఈ పదసామ్యం వల్ల ఒక ముఖ్యమైన విషయం మరుగున పడుతోంది. బ్యాటరీ పెద్దదైతే పరిధి పెరుగుతుంది. అంతమాత్రాన కారు పొదుపుగా నడుస్తుందని కాదు.

నిష్పత్తిని తిరిగి తెచ్చుకోవడం కష్టమేమీ కాదు. బ్యాటరీ సామర్థ్యాన్ని కిలోవాట్-గంటలలో చెబుతారు. ఒక కిలోవాట్-గంట అంటే ఇంటి కరెంటు బిల్లులోని ఒక యూనిట్. ప్రకటించిన దూరాన్ని బ్యాటరీ యూనిట్లతో భాగిస్తే యూనిట్‌కు ఎన్ని కిలోమీటర్లో తెలుస్తుంది. ఈ వ్యాసంలోని పోలికలన్నీ ఆ కొలతలోనే సాగుతాయి.

2. అంకె పుట్టే చోటు

భారతదేశంలో పరిధిని సవరించిన భారతీయ చోదన చక్రం ప్రకారం నిర్ణయిస్తారు. దీనికి మూలం ఐరోపాలో ఒకప్పుడు అమలులో ఉన్న ఎన్‌ఈడీసీ అనే చక్రం. అందులోని గరిష్ఠ వేగం గంటకు 120 కిలోమీటర్లు కాగా, భారతీయ చక్రంలో దానిని 90కి తగ్గించారు. కారును ప్రయోగశాలలో రోలర్లపై నిలిపి, నిర్ణీతమైన వేగక్రమంలో నడుపుతారు. చక్రంలో రెండు భాగాలున్నాయి. మొదటిది నగర సంచారాన్ని అనుకరిస్తుంది. అందులో వేగం 50 దాటదు, సగటు సుమారు 19 మాత్రమే. రెండవ భాగం ఊరి వెలుపలి రహదారికి ప్రతినిధి. రెండూ కలిపి 1,180 సెకన్లు, దాదాపు పదిన్నర కిలోమీటర్లు. మొత్తం మీద సగటు వేగం గంటకు సుమారు 32 కిలోమీటర్లు. ప్రయోగశాల ఉష్ణోగ్రత 20 నుండి 30 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది. ఏసీ ఆపి ఉంటుంది.

ఈ పరిస్థితులు విద్యుత్ కారుకు అత్యంత అనుకూలమైనవి. పెట్రోలు కారు ఊరిలో ఆగుతూ సాగుతూ ఇంధనాన్ని వృథా చేస్తుంది, రహదారిపై పొదుపు చేస్తుంది. విద్యుత్ కారు తీరు దీనికి విరుద్ధం. బ్రేకు వేసినపుడు మోటారే జనరేటరుగా మారి కొంత విద్యుత్తును బ్యాటరీకి తిరిగి అందిస్తుంది. నెమ్మదిగా పోయేటప్పుడు గాలి నిరోధమూ స్వల్పమే. పెట్రోలు కారుతో సంపాదించిన అనుభవం ఇక్కడ కొనుగోలుదారును తప్పుదారి పట్టించడానికి ఇదే కారణం. "ఊరిలోనే ఇంత ఇస్తే హైవే మీద ఇంకెంత ఇస్తుందో" అన్న అంచనా తలకిందులవుతుంది.

3. ఒకే కారు, వేర్వేరు అంకెలు

హ్యుందాయ్ కోనా ఎలక్ట్రిక్ ఈ విషయానికి స్పష్టమైన ఉదాహరణ. 39.2 యూనిట్ల బ్యాటరీతో 2019 జులైలో భారత విపణిలోకి వచ్చినప్పుడు దాని ధ్రువీకృత పరిధి 452 కిలోమీటర్లు. అదే సామర్థ్యం గల బ్యాటరీతో ఐరోపాలో అమ్మిన కోనాకు, మరింత కఠినమైన డబ్ల్యుఎల్‌టీపీ పద్ధతిలో లభించిన అంకె 289. యూనిట్‌కు లెక్కిస్తే ఇక్కడ పదకొండున్నర కిలోమీటర్లు, అక్కడ సుమారు ఏడున్నర. మారింది కొలిచే పద్ధతి. ఆ ఐరోపా అంకె కూడా మొదట 312గా ప్రకటితమై, పరీక్షలో జరిగిన పొరపాటు కారణంగా 2018 డిసెంబరులో 289కి సవరించబడినది. కొలత ఎంత సున్నితమైనదో దీనివల్ల గ్రహించవచ్చు.

దేశంలోనే మరొక ఉదాహరణ ఉన్నది. టాటా పంచ్ ఈవీ పెద్ద బ్యాటరీ రకానికి 2024 ఆరంభంలో ప్రకటించిన పరిధి 421 కిలోమీటర్లు. చక్రంలోని రెండు భాగాలనూ పరిగణించినపుడు అది 365 అయినది. అదే సంవత్సరం ఆగస్టులో విడుదలైన కర్వ్ ఈవీ 55 యూనిట్ల రకానికి 585 కిలోమీటర్ల పరిధిని ప్రకటిస్తూ, సంస్థ దానితోపాటు సీ75 పేరిట 400–425 అనే అంచనాను కూడా ఇచ్చింది. వినియోగదారులలో 75 శాతం మందికి లభించగల దూరమని దాని భావం. తయారీదారే రెండు అంకెలు ఇవ్వడం మెచ్చదగినది. అయితే ఈ రెండవ అంకె సంస్థ సొంత అంచనా. చట్టబద్ధమైన పరీక్షాఫలితం కాదు.

4. ప్రొద్దుటూరు బజారు, పులివెందుల ఎగువ

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పట్టణాల మధ్య రాకపోకలకు నేటి ఏ విద్యుత్ కారు పరిధీ చాలకపోదు. ఒకదాని నుండి మరొకదానికి వంద కిలోమీటర్లు లేవు. చిక్కు వచ్చేది వైద్యానికో, చదువులకో, వ్యాపారానికో బెంగళూరు, హైదరాబాదు వెళ్ళేటపుడు. పరిధిని నమ్మి బయలుదేరేదీ అటువంటి ప్రయాణాలకే.

మొదట వేడిని పరిశీలించాలి. విద్యుత్ కార్లపై పాశ్చాత్య చర్చ ఎక్కువగా చలి గురించి సాగుతుంది. కడప జిల్లాలో సమస్య ఎండ. ఏప్రిల్, మే నెలలలో ఇక్కడ 40 డిగ్రీలు దాటడం సాధారణం. ఏసీ ఒకటిన్నర కిలోవాట్ తీసుకుంటుందనుకుందాం. అది గంటకు ఇంత అని ఖర్చుచేస్తుందే గాని కిలోమీటరుకు ఇంత అని కాదు. కనుక కారు నెమ్మదించిన కొద్దీ దాని భారం కిలోమీటరుకు పెరుగుతుంది. ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళ వీధులలో గంటకు 15 కిలోమీటర్ల వేగంతో కదిలే కారులో ఏసీకి కిలోమీటరుకు 100 వాట్-గంటలు అవుతాయి. పరీక్షలో యూనిట్‌కు పదిన్నర కిలోమీటర్లు తిరిగిన కారు మొత్తం నడకకు ఖర్చు చేసినదే కిలోమీటరుకు 95 వాట్-గంటలు! అంటే నగరభాగంలో పరీక్ష చూపే లాభాన్ని మండుటెండ హరించివేస్తుంది.

రహదారిపై ఏసీ భారం కిలోమీటరుకు 17 వాట్-గంటలకు తగ్గుతుంది. అక్కడ శత్రువు గాలి. గాలి నిరోధం వేగవర్గానుపాతంలో పెరుగుతుంది. 60 నుండి 90కి వేగం పెంచితే నిరోధబలం రెండుంబాతిక రెట్లవుతుంది. మైదుకూరు, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, ముద్దనూరుల మీదుగా సాగే 67వ జాతీయ రహదారిపై 90 సాధారణ వేగమే. పరీక్షలో అది కొద్దిసేపు మాత్రమే ఉండే గరిష్ఠం. నలుగురు ప్రయాణికులతో 1,800 కిలోల బరువుండే మధ్యతరహా కారును తీసుకొని, గాలి నిరోధం, టైర్ల ఒరిపిడి, మోటారు నష్టాలు, ఏసీ కలిపి లెక్కిస్తే కిలోమీటరుకు సుమారు 165 వాట్-గంటలు అవసరమవుతాయి. యూనిట్‌కు ఆరు కిలోమీటర్లు మాత్రమే. 45 యూనిట్ల బ్యాటరీకి ఇది 270 కిలోమీటర్లు. ప్రకటనలో అది 470 దరిదాపుల్లో ఉంటుంది.

ఎత్తును కూడా చేర్చవలసి ఉన్నది. ప్రొద్దుటూరు సముద్రమట్టానికి దాదాపు 160 మీటర్ల ఎత్తున, పులివెందుల 270 మీటర్ల ఎత్తున ఉన్నాయి. బెంగళూరు 920 మీటర్లు. 1,800 కిలోల బరువును 760 మీటర్లు ఎక్కించడానికి, నష్టాలతో కలిపి, నాలుగు యూనిట్లకు పైగా ఖర్చవుతుంది. అంటే పరిధిలో మరొక 25 కిలోమీటర్లు తరుగు. తిరుగు ప్రయాణంలో ఇందులో కొంత దక్కుతుంది గాని, వెళ్ళేటపుడు దారిలో ఆగిపోయినవారికి అది ఓదార్పు కాదు. బ్యాటరీని చివరి బొట్టు వరకు ఎవరూ వాడరు. 15 శాతం మిగుల్చుకుంటే చేతికి వచ్చేది సుమారు 205 కిలోమీటర్లు. ప్రొద్దుటూరు నుండి పులివెందుల, కదిరి మీదుగా బెంగళూరు 250 కిలోమీటర్లకు పైబడినది. ప్రకటనాంకెను బట్టి ఆగకుండా చేరి, తిరుగుదారిలోనూ చాలా దూరం రావచ్చుననిపించే కారుకు, వెళ్ళేదారిలోనే ఒకసారి చార్జింగ్ తప్పదు. వేగం 70కి తగ్గించుకుంటే ఈ లెక్క గణనీయంగా మెరుగుపడుతుందన్నదీ నిజమే.

5. షరతు ఏ భాషలో ఉండాలి?

ఈ అంతరం ఒకసారి వివాదంగా మారింది. 2021 మార్చిలో ఢిల్లీ ప్రభుత్వం, పరిధి తక్కువగా వస్తున్నదన్న ఫిర్యాదుల ఆధారంగా టాటా నెక్సాన్ ఈవీకి ఇచ్చే రాయితీని నిలిపివేసింది. ధ్రువీకరణ నిర్ణీత పరీక్షాపరిస్థితులలో జరిగినదనీ, వాస్తవ పరిధి ఏసీ వాడకం, నడిపే తీరు మొదలైనవాటిపై ఆధారపడుతుందనీ సంస్థ వాదన. ఆ నెలలోనే ఢిల్లీ హైకోర్టు ప్రభుత్వ ఉత్తర్వుపై స్టే ఇచ్చింది. సంస్థ వాదన సాంకేతికంగా సరైనదే. అయితే కొనేవారికి ఆ పరిస్థితులు ఎప్పుడు, ఎలా తెలియాలన్న ప్రశ్న మిగిలే ఉన్నది.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ముఖ్య సమాచారాన్ని ఉద్దేశపూర్వకంగా దాచడాన్ని కూడా తప్పుదోవ పట్టించే ప్రకటనల నిర్వచనంలో చేర్చింది. 2022 జూన్‌లో వెలువడిన ప్రకటనల మార్గదర్శకాలు మరింత నిర్దిష్టమైనవి. వాటి ప్రకారం షరతును తెలిపే వాక్యం ప్రధాన ప్రకటన ఉన్న భాషలోనే, అదే అక్షరరూపంలో ఉండాలి. పరిధిని తెలుగులో ప్రకటిస్తే, చుక్కగుర్తు కింది వివరణ కూడా తెలుగులోనే ఉండవలసి ఉంటుంది. "ఏసీ ఆపి, 20–30 డిగ్రీల ఉష్ణోగ్రతలో, గంటకు సగటున 32 కిలోమీటర్ల వేగంతో ప్రయోగశాలలో పొందిన దూరం" అని రాయడానికి కొత్త పారిభాషిక పదాలేవీ అవసరం లేదు.

అమెరికా ఈ విషయంలో మరొక మార్గాన్ని అనుసరించింది. అక్కడ సాధారణంగా ప్రయోగశాల ఫలితాన్ని 0.7తో గుణించి స్టిక్కరుపై ముద్రిస్తారు. విస్తృత పరీక్షకు సిద్ధపడిన తయారీదారు, ఇతర చక్రాలతోపాటు, 35 డిగ్రీల వేడిలో ఏసీ నడుపుతూ కూడా కారును పరీక్షింపజేయాలి. ఈ వ్యాసంలో పేర్కొన్న భారతీయ ధ్రువీకృత అంకెలన్నీ ఏసీ ఆపి తీసినవే.