తొలి తప్పు – దిద్దుబాటుకు అవకాశం

తొలిసారి తప్పుచేసిన యువకుణ్ణి కరడుగట్టిన నేరస్థుల నడుమ చెరలో ఉంచితే, అతడు నేరవిద్యలో ఆరితేరి తిరిగివచ్చే ప్రమాదముంది. దీనిని నివారించే ఉద్దేశంతో పార్లమెంటు 1958లో నేరస్థుల ప్రొబేషన్ చట్టాన్ని చేసింది.

చట్టం చూపిన మార్గాలు రెండు. రెండేళ్ళకు మించని శిక్షగల నేరం రుజువైనప్పుడు, పూర్వనేరం లేనివానిని న్యాయస్థానం మందలించి విడిచిపెట్టవచ్చు. మరణదండనకు గాని యావజ్జీవ శిక్షకు గాని తగని ఇతర నేరాలలో, మూడేళ్ళకు మించని గడువుకు సత్ప్రవర్తన పూచీకత్తు వ్రాయించుకొని, అవసరమైతే ప్రొబేషన్ అధికారి పర్యవేక్షణలో విడుదల చేయవచ్చు. షరతు తప్పినవానికి అసలు నేరానికే శిక్ష విధించవచ్చు.

యావజ్జీవ శిక్షార్హం కాని నేరంలో 21 ఏళ్ళు నిండని వారిని జైలుకు పంపదలిస్తే, న్యాయమూర్తి అందుకు కారణాలు వ్రాయాలి. 1964లో పంజాబుకు చెందిన 16 ఏళ్ళ బాలుని కేసు సుప్రీంకోర్టుకు వచ్చింది. అతనికి శిక్షపడిన తరువాతనే ఆ ప్రాంతంలో చట్టం అమలైనా, దాని మేలు అప్పీలులో అతనికీ అందించవచ్చునని తెలుగువారైన జస్టిస్ కోకా సుబ్బారావు అధిక సంఖ్యాక తీర్పు వ్రాశారు.

ఇలా విడుదలైనవానికి నేరనిర్ధారణ మూలంగా చట్టరీత్యా కలిగే అనర్హత అంటదు. కాని చేసిన తప్పు చెరిగిపోదు. బాధితునికి నష్టపరిహారం చెల్లించవలసిందిగా న్యాయస్థానం ఆదేశించవచ్చు. నష్టపోయినవానికి న్యాయం, తప్పుచేసినవానికి బ్రతుకుదారి – ఈ రెండింటినీ కలిపి చూడటమే ఈ చట్టం ఆశయం.