నూరు పాయింట్ల లెక్క

ఆట ముగిసిన పిమ్మట మిగులునది అంకెల పట్టిక. దానిని చదువుటకును కొంత ఓపిక కావలెను.

1962 మార్చి 2వ తేదీ రాత్రి అమెరికాలోని హెర్షీ పట్టణమున ఫిలడెల్ఫియా వారియర్స్ బాస్కెట్‌బాల్ జట్టు న్యూయార్కు నిక్స్ జట్టును 169-147 పాయింట్లతో ఓడించెను. అందు విల్ట్ చేంబర్లేన్ ఒక్కడే నూరు పాయింట్లు సాధించెను. ఆ నూరును విడదీసి చూతము. ఆట నడుచుచుండగా అతడు 63 మార్లు బంతిని విసరగా, 36 మార్లు అది బుట్టలో పడెను. ఒక్కొక్కదానికి రెండేసి చొప్పున 72. ప్రత్యర్థుల తప్పిదములవలన లభించిన ఫ్రీ త్రోలు 32, సఫలమైనవి 28. వీనికి ఒక్కొక్క పాయింటే. వెరసి నూరు.

విశేషమంతయు ఈ రెండవ లెక్కలోనే కలదు. ఆ యేడు పది ఫ్రీ త్రోలకు సుమారు ఆరు మాత్రమే వేయగలిగిన ఆటగాడతడు. ఆ రాత్రియు అట్లే వేసియుండినచో ఇరవైకి మించెడివి కావు; నూరు నిండెడిది కాదు.

అదే పట్టికలో గై రాడ్జర్స్ పేరున 20 అసిస్టులు కలవు. అనగా తోటివారు బుట్టలో వేయుటకు అతడందించిన బంతులు. నూటిని లోకము మరువలేదు. ఈ ఇరవైని తలచువారు అరుదు.

ఆ ఆట టెలివిజన్‌లో ప్రసారము కాలేదు. చివరి భాగమునకు చేసిన రేడియో వ్యాఖ్యానము మాత్రము రికార్డుగా నిలిచియున్నది. పట్టికను చదివి, ఆ స్వరమును విన్నవారికే ఆ రాత్రి కొంత తెలియును.