చెట్టు దిగిన రుచి

హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో సొంతంగా బీరు తయారుచేసి అమ్మే పబ్బుకి వెళ్తే ముందుగా ఓ చెక్కపలక వస్తుంది. దాని మీద నాలుగు బుల్లి గ్లాసులు. ఇది గోధుమ బీరు, ఇది నల్ల బీరు, ఇది మామిడిపండ్ల కాలంలో మాత్రమే చేసేది... అని కుర్రాడు చెబుతుంటే ఒక్కో గుక్క రుచి చూసి, నచ్చినదాన్ని తెప్పించుకోవాలి. కాలాన్ని బట్టి మారే రుచి, కొద్దిగానే తయారయ్యే సరుకు, చేసిన మనిషి కళ్లెదుటే ఉండటం... 'క్రాఫ్ట్ బీరు'కి అంత ధర పలికేది ఈ మూడింటి వల్లే.

ఆ మూడూ మన పొలం గట్ల మీద ఎప్పట్నుంచో ఉన్నాయి. చెక్కపలక ఒక్కటే లేదు!

పుష్యమాసపు చలిలో తెల్లారేసరికి గడివేముల మండలంలో ఉండాలని నంద్యాల నుంచి చీకటితోనే బయల్దేరాం. గని దగ్గర కనుచూపుమేర సోలార్ పలకలు. 2017లో పూర్తయిన 1000 మెగావాట్ల పార్కు అది. బిలకలగూడూరు వైపు సిమెంటు ఫ్యాక్టరీ. కొత్తగా వచ్చిన ఈ రెండింటినీ పక్కన పెడితే మిగిలిందంతా కేసీ కాల్వ కింది పొలాలూ, మెట్ట చేలూ. వాగు పక్కన, ఎవరూ నాటకుండానే లేచి నిలబడ్డ ఈత చెట్లు. ఓ చెట్టు తల దగ్గర మోకు కట్టుకుని ఓ పెద్దాయన. రాయలసీమలో కల్లుగీతని ఇంటి వృత్తిగా చేసుకున్న ఈడిగ కుటుంబం వాళ్లది.

కిందికి దిగీ దిగగానే ముంత అందిస్తారనుకుంటే, ఓ గంట ఆగమన్నారు. ఇప్పుడే తాగితే చక్కెర నీళ్లు తాగినట్టే ఉంటుందట. ఆ గంటలో ఆయన చెప్పింది విన్నాక ఈత చెట్టుని చూసే చూపే మారిపోయింది.

చెట్టే పంచాంగం

ఈత చెట్టు నిటారుగా ఉండదు, మెట్లు మెట్లుగా వంకర్లు తిరిగి ఉంటుంది, గమనించారా? అది చెట్టు స్వభావం కాదు, కత్తి రాత. తాటికి గెలని చెక్కితే, ఈతకి తల కింద కాండాన్నే చెక్కుతారు. ఒక ఏడు ఇటు గీస్తే, మరుసటి ఏడు అటు. ఆ మెట్లు లెక్కపెడితే చెట్టుని ఎన్నేళ్లుగా గీస్తున్నారో తెలిసిపోతుంది. రోజూ గీయరు కూడా. మధ్యలో చెట్టుకి విశ్రాంతినిస్తారు. ఆరిన గాయాన్ని మళ్లీ పల్చగా చెక్కితే వచ్చే మొదటి ఊట తేటగా, బాగా తియ్యగా ఉంటుంది. లోతుగా గీస్తే చెట్టు చస్తుంది, పైపైన గీస్తే చుక్క రాదు. ఆ తేడా చేతికి తెలియాలంతే.

కారేటప్పుడు అది కల్లు కాదు, తియ్యటి నీరే. అందులో పదిపన్నెండు శాతం దాకా చక్కెర ఉంటుంది. గాల్లోనూ చెట్టు మీదా ముంతకి అంటుకునీ ఉన్న ఈస్టు, బ్యాక్టీరియాలు చుక్క పడ్డ క్షణం నుంచే పని మొదలుపెడతాయి. బీరుకైతే బార్లీ నానబెట్టి, మొలకెత్తించి, ఉడికించి, చల్లార్చి, ఈస్టు కలపాలి. ఇక్కడ పొయ్యి లేదు, ఎవరూ ఈస్టు కలపరు. బెల్జియంలో బ్రసెల్స్ చుట్టుపక్కల చేసే 'లాంబిక్' అనే బీరుని ఇలాగే రాత్రి గాలికి వదిలేసి, గాల్లోని ఈస్టుతోనే పులియబెడతారు. ప్రపంచంలోని బీరు ప్రియులు దాన్ని వెతుక్కుంటూ వెళ్తారు. దాన్నీ చలికాలంలోనే కాస్తారు. జర్మనీలోని బవేరియా పాలకులైతే 1553లోనే వేసవిలో బీరు కాయొద్దని శాసనం చేశారు. ఎండల్లో పులుపు అదుపు తప్పుతుందని అప్పటికే తెలుసు మరి.

ఈత కల్లు చలికాలపు రుచి కావడంలోని కిటుకూ అదే. చలికి పులియడం నెమ్మదిస్తుంది. తీపి ఎక్కువసేపు నిలుస్తుంది.

గుక్క గుక్కకీ తేడా

గంట గడిచింది. పాలు కలిపినట్టున్న తెలుపు. (ఆ తెలుపు పాలది కాదు, లోపల తేలుతున్న ఈస్టుది.) మొదట తీపి, వెనకే నాలుక మీద చిన్న చిటపట, చివర్లో లేత కొబ్బరినీళ్ల వాసన. మరో రెండు గంటలకి తీపీ పులుపూ సరిసమానం. నా మటుకు నాకు ఇదే అసలైన అదను. ఎండెక్కాక తీపి పోయి గాటు మిగిలింది. పాతకాపులకి నచ్చేది అదేనట. సాయంత్రానికి ముక్కుకి వెనిగర్ వాసన తగులుతుంది, ఇక వదిలేయడమే. ఒకే ముంతలో, ఒకే పూటలో నాలుగు రుచులు!

పక్కన ఏం తినాలంటారా? వేయించిన శెనక్కాయలు అందరూ చెప్పేవే. నేనైతే ఉగ్గాని-బజ్జీకి ఓటేస్తాను. బజ్జీలోని మిరప కారానికి రెండో గంట కల్లులోని పులుపుతీపి అతికినట్టు సరిపోయింది.

మాఘం దాటి ఎండలు ముదిరేకొద్దీ ఈత వెనక్కి తగ్గుతుంది, తాడి ముందుకొస్తుంది. తాటిలో ముందు పోతుతాడు, ఆ తర్వాత ఆడ చెట్టు. తాటి కల్లు చిక్కన, వాసనా ఘాటే. మిట్టమధ్యాహ్నం దాకా ఉంచితే తాగలేం కాబట్టి పొద్దున్నే తాగాలి. ఇక అల్లూరి సీతారామరాజు జిల్లా మన్యానికి వెళ్తే జీలుగు కల్లు. కొండల్లో పెరిగే ఈ చెట్టు ఇచ్చినన్నాళ్లూ ధారాళంగా ఇస్తుంది. మూడింటిలోనూ కొత్తవాళ్లకి నేను చెప్పేది చలికాలపు ఈతే.

అన్నట్టు, ఒక్క చుక్కా పులియకూడదనుకుంటే ముంత లోపల సున్నం పూస్తారు. అదే నీరా. హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో 2023లో నీరా కేఫ్ తెరిచింది దీనికోసమే. నీరాకైనా కల్లుకైనా ముంత మూతి మీద ఈతాకు తడికో గుడ్డో కట్టిన చెట్టునే ఎంచుకోండి. బంగ్లాదేశ్‌లో గబ్బిలాలు ముట్టిన పచ్చి ఈత నీరు తాగి నిపా వైరస్ సోకినవాళ్లున్నారు.

ఎండాకాలం ఈత కల్లా?

తిరుగు ప్రయాణంలో ఓ తెలివితక్కువ పని చేశాను. ఆఫీసులో మిత్రులకి రుచి చూపిద్దామని లీటరు సీసాలో పోయించుకుని, గట్టిగా మూత బిగించి బ్యాగులో పెట్టుకున్నాను. పులిసేటప్పుడు పుట్టే గ్యాసు ఊరుకుంటుందా... నంద్యాల చేరకముందే మూత ఎగిరిపోయింది. బ్యాగు, నోట్సు పుస్తకం, పక్క సీటాయన పంచె, అన్నీ కల్లుమయం.

తడిసిన పుస్తకం ఆరబెట్టుకుంటుంటే తట్టింది: అసలైన కల్లు నిలవుండదు, ఊరు దాటదు, ఒక్కో చెట్టు ఇచ్చేదీ కొద్ది లీటర్లే. అలాంటప్పుడు చుట్టుపక్కల చెట్టన్నది లేని చోట, ఏడాది పొడుగునా, అడిగినంత దొరికే కల్లు ఎక్కడిది? నీళ్లు, తీపికి శాకరిన్, మత్తుకి క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, ఆల్ప్రాజోలామ్. 2020 లాక్‌డౌన్‌లో దుకాణాలు మూతపడగానే ఫిట్స్‌తో, వింత ప్రవర్తనతో బాధితులు హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి వరసకట్టారు. 2025 జూలైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు పలువురి ప్రాణాలు తీసింది. కాబట్టి రుచి చూడాలనుకునేవాళ్లు ముందు అడగాల్సింది ధర కాదు... ఏ చెట్టుది, ఎప్పుడు దించారు అని. చెట్టు చూపించలేనివాళ్ల దగ్గర తాగొద్దు. మే నెలలో ఈత కల్లంటే అసలే వద్దు.

మంచి కల్లయినా మద్యమే, అదీ మర్చిపోవద్దు. ఒక్కరోజు పులిస్తే నాలుగైదు శాతం ఆల్కహాలు, అంటే బీరుతో సమానం. కల్లు తాగితే రోగాలు రావన్న మాట మన ఊళ్లలో గట్టిగా వినిపిస్తుంది కానీ, పొలం గట్టు మీద తాగినంత మాత్రాన లివరు మినహాయింపు ఇవ్వదు. 21 ఏళ్లు నిండనివాళ్లకి అమ్మకూడదన్నది చట్టం.

ఇంతకీ చెట్టు ఎక్కేదెవరు? పెద్దాయన ఇద్దరు కొడుకుల్లో ఒక్కరూ మోకు పట్టలేదు. తప్పుపట్టలేం. మంచుకి తడిసిన కాండం మీద కాలు జారితే అంతే సంగతులు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022లో తెచ్చిన అయిదేళ్ల కల్లుగీత విధానంలో చెట్ల అద్దె తీసేసింది, ప్రమాదంలో చనిపోతే ఇచ్చే పరిహారాన్ని 5 లక్షల నుంచి 10 లక్షలకి పెంచింది. పడకుండా కాపాడే సామగ్రి సంగతికొస్తే తెలంగాణ 2024లో 'కాటమయ్య రక్షణ కవచం' పేరుతో కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. ఇక్కడ మన పెద్దాయన నడుముకున్నది ఆ పాత మోకే. 2024 మద్యం విధానంలో గీత కులాలకి కేటాయించిన 340 దుకాణాల మాట ఎత్తితే నవ్వేశారు. సీసాలమ్మే కొట్టుకీ చెట్టెక్కే చేతికీ ఏం సంబంధం అన్నట్టు.

ఆ పొద్దున మధ్యాహ్నం కాకముందే ముంత ఖాళీ అయింది. ఇంకొక్కటి దొరుకుతుందా అని అడిగాం. చెట్టు వైపు చూసి, రేపు తెల్లారి రమ్మన్నారు.