పరోక్తి నుదాహరించు విధము

ఏ పత్రికాలయమునందును గొలువు లేక, వ్యాసమున కింత యని పుచ్చుకొని వ్రాయు విలేఖరులు నేఁడు పెక్కండ్రు గలరు. వారు తా మెఱుఁగని విషయములను గూర్చి నిపుణుల నడిగి, వారి మాటలను దమ వ్యాసములఁ జేర్తురు. ఇట్లు పరోక్తిని గ్రహించుట కొక మర్యాద గలదు. అది క్రొత్తది గాదు. మన శాస్త్రకారులకుఁ జిరపరిచితము. దాని నించుక వివరించెదను.

మొదట నాకుఁ దటస్థించిన యొక సంగతి. తాడిపత్రిలోఁ బెన్నయొడ్డున, 15వ శతాబ్ది చివరను 16వ శతాబ్ది మొదటను గట్టఁబడిన బుగ్గ రామలింగేశ్వరాలయము గలదు. లింగము చెంత నూట యుండుటచే నా పేరు వచ్చెనందురు. ఒక కఱవునాఁడు విలేఖరి యొకఁడు వచ్చి, యా యూట యేల యెండదని నన్నడిగెను. "నేను వ్యాకరణము చదివినవాఁడను. ఊరి క్రింద నేఱొకటి పాఱుచున్నదఁట, పెద్దలు చెప్పఁగా వింటిని" అంటిని. పత్రికలో "ఊరి క్రింద నేఱు పాఱుచున్నదని పండితులు నిరూపించిరి" అని వెలువడెను. పది దినములకు రైతొకఁడు ఆ పత్రిక చేతఁ బట్టుకొని, యిల్లాలి నగలు కుదువఁబెట్టి బోరు వేయింతును, స్థలము చూపుఁడని నా గడప యెక్కెను. నేను సిగ్గుపడి యతనిని భూగర్భజలశాఖవారి కడకుఁ బంపితిని.

ఇందు మూఁడు దోషములు గలవు.

మొదటిది, అడుగవలసినవాని నడుగకుండుట. విషయమును సాక్షాత్తుగా నెఱిఁగి, యెఱిఁగినదాని నెఱిఁగినట్లు చెప్పఁగోరువాఁడే యాప్తుఁడనియు, ఆ లక్షణము ఋషులకును ఆర్యులకును మ్లేచ్ఛులకును సమానమనియు న్యాయభాష్యమున వాత్స్యాయనుఁడు నిర్ణయించెను. కావున నాప్తత్వము బిరుదును బట్టి గాక విషయమును బట్టి వచ్చును. శబ్దవిషయమున నాప్తుఁడు జలవిషయమున నాప్తుఁడు గానక్కఱలేదు. బావులలో నీటిమట్టమును గొలుచువాఁడే యందు నాప్తుఁడు.

రెండవది, పేరు విడుచుట. పాణిని యష్టాధ్యాయిలో శాకల్యుఁడు, గార్గ్యుఁడు, శాకటాయనుఁడు, ఆపిశలి మొదలగు 10 మంది యాచార్యులను బేర్కొనెను. ఆ పేళ్లు కొన్నియెడల గౌరవార్థములనియుఁ, గొన్నియెడల వికల్పార్థములనియు వ్యాఖ్యాతలు చెప్పిరి. వికల్పార్థ మనఁగా, నీ విధి యాయన మతమున నున్నది, తక్కినవారి మతమున లేదనుట. పేరు చెప్పుట గౌరవించుట మాత్రమే గాదు, హద్దు గీయుటయు నగును. "పండితులు" అను బహువచన మా హద్దును జెఱిపెను. ఒకని మాట యెల్లరి మాట యయ్యెను.

మూఁడవది, "అఁట" తీసివేయుట. ఈ చిన్నపదము విన్నదానిని గన్నదానినుండి వేఱుచేయును. సంస్కృతమున "కిల" యట్టిదే. వక్త కనులఁ జూడని గతమునకుఁ బాణిని లిట్టును వేఱుగా విధించెను. "అఁట" పోయి "నిరూపించిరి" చేరుటతో వినికిడి సిద్ధాంతమయ్యెను.

మఱియు "అని" యనునది, సంస్కృతమున "ఇతి" వలెనే, పరోక్తి ముగిసినచోటును జూపును గాని మొదలైనచోటును జూపదు. కావున వ్రాయువాని మాటలు వక్త మాటలతోఁ గలిసిపోవుట సులభము. ఉద్ధరణచిహ్నము లీ కొఱఁతను దీర్చును. వాని నడుమ వక్త పలికిన పదములే యుండవలయును; భావము మాత్రమే గ్రహించినచోఁ జిహ్నములు పెట్టరాదు.

గడువు తక్కువ, స్థలము తక్కువ యని విలేఖరు లందురు. అది నిజమే. కాని కొలువున నున్నవాని వ్రాఁతను సరిచూచుటకుఁ దోడివారుందురు. స్వతంత్రునకుఁ దన వ్రాఁతపుస్తకమే దిక్కు. అడుగునప్పుడే పేరు, వృత్తి, తేదీ, కన్నదో విన్నదో వ్రాసికొని, సందేహమున్న వాక్యమును వక్తకు మరలఁ జదివి వినిపించినఁ జాలును. పాఠశాలలలో "అని", "అఁట"లను బోధించునపు డుపాధ్యాయు లీ ప్రయోజనమును గూడఁ జెప్పుదురుగాక.

ఆ రైతు సొమ్ము దక్కినది. అది మా వ్రాఁత వలనఁ గాదు, అతఁడు నన్నడుగవచ్చుట వలన. అడుగరానివా రెందఱో!