ఒకే రాత్రి ముగ్గురు కృష్ణులు

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని కబురు వచ్చినప్పుడు చదువు విలువ మీదో, క్రమశిక్షణ మీదో రాయాలేమో అనుకున్నాను. అవి ప్రతి సంచికలోనూ ఉంటాయి, రాసేవాళ్లూ నాకంటే పెద్దవాళ్లు. అందుకని మన హాస్టల్ టీవీ గదిలో ఎన్నిసార్లు మొదలైనా తేలని గొడవ ఒకటి రాస్తున్నాను. మనకు ఇష్టమైన సైన్స్ ఫిక్షన్ పాత్రలో నటుణ్ని మార్చవచ్చా? పాత కథను పక్కన పెట్టి మళ్లీ మొదటినుంచి చెప్పవచ్చా?

కిందటిసారి ఈ గొడవ 2025 దసరా సెలవుల్లో, అడవులదీవిలో మా ఇంటి అరుగు మీద లేచింది. అంతకు ముందు సెప్టెంబరులోనే ‘కల్కి 2898 ఏడీ’ రెండో భాగంలో దీపికా పదుకొణె ఉండరని వైజయంతీ మూవీస్ ప్రకటించింది. 2024లో వచ్చిన మొదటి భాగంలో ఆమె సుమతి, అంటే పుట్టబోయే కల్కిని మోస్తున్న తల్లి. “వేరే ఆమెను పెడితే ఆ పాత్రే కాదు” అని మా తమ్ముడి స్నేహితులు. “కథ బాగుంటే ఎవరైతే ఏం” అని ఇంకొందరు. మా ఇంట్లో డిగ్రీ దాటినవాణ్ని నేను ఒక్కణ్నే కాబట్టి తీర్పు నన్ను చెప్పమన్నారు. నేను నోరు తెరిచేలోగా మంచం మీదున్న మా తాత అందుకున్నాడు.

“మొహం మారితే పాత్ర పోద్దంట్రా? మాకు ఒక్క రాత్రికే ముగ్గురు కిష్టులు!”

చిన్న తరగతుల తమ్ముళ్లకు ఇది చెప్పాలి. తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతాల్లో తిరనాళ్లకు పద్యనాటకం పెట్టడం పాత అలవాటు. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాల్లో పడకసీను కృష్ణుడు ఒకరు, రాయబారం కృష్ణుడు ఇంకొకరు, యుద్ధంలో మరొకరు. హరిశ్చంద్రలోనూ అంతే, వారణాసి సీనుకు ఒకరు, కాటిసీనుకు ఒకరు. పోస్టరు మీద ‘రెండవ కృష్ణుడు’ అని పేరుతో సహా అచ్చు వేసేవారు. తెల్లవార్లూ రాగాలు తీస్తే ఒక గొంతు తట్టుకోదు కదా. పైగా ఒక్కో సీనుకు ఒక్కో నటుడు పేరుమోసినవాడు, నాటకం ఆడించేవాళ్లు ఏరికోరి తెచ్చేవారు. మన బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు గారైతే మగవాడై ఉండి సత్యభామ వేసి మెప్పించారు. చూసేవాళ్లు దాన్నీ తప్పుపట్టలేదు.

మా తాత మా పేట సమాజంలో సహదేవుడు వేసేవాడు. చదువురాదు. హార్మోనిస్టు దగ్గర కూర్చుని పద్యాలన్నీ విని పట్టాడు. ఒకసారి పొరుగూరిలో నాటకం పెట్టారు. బస్సు తప్పి రెండో కృష్ణుడు రాలేదు. రాయబారం మొత్తం నోటికి వచ్చినవాడు మా తాతే కాబట్టి కిరీటం ఆయనకు పెట్టారు. అది పెద్దదై కళ్లమీదికి జారుతుంటే లోపల తుండుగుడ్డ కుక్కారట. అంతకుముందు సహదేవుడిగా చూసిన మనిషే కృష్ణుడై వస్తే జనం ఒక్కరూ ఏమీ అనలేదు, వన్స్‌మోర్ కూడా కొట్టారు. కానీ తడబాటులో ఒక పద్యం వదిలేశాడు. వెంటనే ముందు వరుసలో చాపమీదున్న ముసలాయన లేచి, “ఆ పద్యం ఏదయ్యా?” అని అరిచాడట. వెనక్కి వెళ్లి పాడేదాకా కూర్చోలేదు.

ఆ మాట విన్నాకే నాకు మన గొడవ సగం అర్థమైంది. సినిమావాళ్లు ‘కంటిన్యుటీ’ అనేది ఆ ముసలాయన అడిగినదే. ఇంతకుముందు ఏం జరిగింది, ఎవరు ఏ మాట ఇచ్చారు అన్నది తర్వాతి కథలోనూ చెల్లాలి. భారతం జనానికి ముందే తెలుసు కాబట్టి ఆ లెక్క వాళ్లే చూసుకున్నారు. ముఖం ఎవరిదైనా సరిపోయింది.

ఆ ముఖాన్ని స్థిరపరిచింది సినిమా. 1957లో ‘మాయాబజార్’ వచ్చాక కృష్ణుడంటే ఎన్.టి.రామారావు గారే అయిపోయారు. అంతకుముందు వేదికల మీద ఈలపాట రఘురామయ్య గారి కృష్ణుడికి జనం పడిచచ్చేవారు. నాటకం ప్రతి రాత్రీ కొత్తది, ఫిల్ము మీద ముఖం మాత్రం ఎన్నిసార్లు ఆడించినా అదే. ‘కల్కి’లో నాగ్ అశ్విన్ కృష్ణుడి ముఖం కనపడకుండా చీకట్లో ఉంచడం నాకు అందుకే నచ్చింది. ఎవరి ముఖం చూపినా హాల్లో సగంమంది పోల్చి చూసేవారు.

సైన్స్ ఫిక్షన్‌కు అసలు ఇబ్బంది ఇక్కడే. దాని వెనక మన తాతలు చెప్పిన కథ లేదు. 1991లో సింగీతం శ్రీనివాసరావు గారు ‘ఆదిత్య 369’ తీసినప్పుడు కాలయంత్రం గురించి ప్రేక్షకులకు తెలిసింది చాలా తక్కువ. కృష్ణదేవరాయల కాలానికీ, 2504కూ తీసుకుపోయిన కృష్ణకుమార్ మనకు బాలకృష్ణ గారి ముఖంతోనే తెలుసు. అదే సినిమాలో తెనాలి రామకృష్ణుడిగా చంద్రమోహన్ గారు వేశారు. 1956 సినిమాలో ఆ పాత్ర అక్కినేని గారిది. ఎవరికీ అభ్యంతరం లేదు, ఎందుకంటే రామకృష్ణుడు సినిమాకు ముందే మనవాడు (తెనాలివాడు అని కూడా కలుపుకోవచ్చు!). కృష్ణకుమార్‌ను మార్చి చూడండి, ఆ పాత్రలో మనం పట్టుకోవడానికి ఏం మిగులుతుంది?

బయటి దేశాలవాళ్లు దీనికి రకరకాల ఉపాయాలు చేశారు. బ్రిటన్‌లో 1963లో మొదలైన ‘డాక్టర్ హూ’ సీరియల్లో ముఖ్యనటుడు విలియం హార్ట్‌నెల్ ఆరోగ్యం చెడింది. 1966లో ప్యాట్రిక్ ట్రౌటన్‌ను తెచ్చారు. ఆ పాత్ర వేరే గ్రహంవాడు, శరీరం అరిగిపోతే కొత్త శరీరం వస్తుందని కథలోనే కారణం చెప్పారు. అంతే కాదు, కొత్తవాడికి పాతవాడి జ్ఞాపకాలు ఉంటాయి. అందుకే అది ఇన్ని దశాబ్దాలు నడిచింది. 2009 ‘స్టార్ ట్రెక్’ కథను మళ్లీ మొదలుపెట్టింది గానీ, పాత స్పాక్ అయిన లెనార్డ్ నిమోయ్‌ను అదే సినిమాలోకి తెచ్చి కుర్ర స్పాక్ ఎదుట నిలబెట్టింది. పాత కథ ఒక కాలధార, కొత్తది ఇంకొకటి, రెండూ నిజమే అన్నారు. స్పైడర్‌మ్యాన్‌ను మాత్రం 2002 తర్వాత 2012లో మళ్లీ మొదటినుంచి చెప్పారు, బాబాయి చావుతో సహా. కంప్యూటర్ బిగుసుకుపోతే ఆపి ఆన్ చేయడం లాంటి ఈ పనినే రీబూట్ అంటారు. పదేళ్లకే చూసిందే చూడటం నాకు విసుగు. 2021లో ముగ్గురు నటులనూ ఒకే సినిమాలో కలిపినప్పుడు మాత్రం ఈలలు వేశాను. అది మా తాత చెప్పిన ముగ్గురు కృష్ణులే కదా!

మన ‘2.0’ ఇంకో దారి పట్టింది. 2010 ‘రోబో’లోని సనా ఫోన్‌లో గొంతుగానే వినిపిస్తుంది. ముఖం మార్చలేదు, చూపించనూ లేదు. తప్పించుకున్నట్టే అనిపించింది.

ఇక సుమతి సంగతి. నటిని మార్చితే నాకు కొంత వెలితిగానే ఉంటుంది, అది దాచను. అయినా చూస్తాను. కానీ ఆమెను కాపాడాలని అశ్వత్థామకు కృష్ణుడు పెట్టిన బాధ్యత, ఆ బిడ్డ కోసం శంబలవాళ్లు పోగొట్టుకున్న ప్రాణాలు, వీటిని రెండో భాగం మరిచిపోతే ఒప్పుకోను. ముఖం మార్చినందుకు చూపిన కోపం మనవాళ్లు ఇలాంటివాటి మీద చూపరు. దర్శకులు కూడా అందుకే అక్కడ తేలిగ్గా తప్పించుకుంటారు.

మా తాతకు ఇప్పుడు గొంతు లేదు, పాడలేడు. ఆ సెలవుల్లోనే తెనాలిలో పాండవోద్యోగ విజయాల పుస్తకం కొని, రోజూ సాయంత్రం చదివి వినిపించాను. మూడోరోజు రాయబారంలో ఒకచోట చెయ్యెత్తి ఆపాడు, “అట్టా కాదు” అని. పుస్తకంలో అలాగే ఉందని చూపించబోయి ఊరుకున్నాను. ఆయన లోగొంతుకతో చెప్పిన మాట వేరు, కానీ లయకు సరిగ్గా సరిపోయింది. అచ్చులో ఉన్నదాన్ని కొట్టేయకుండా పక్కన పెన్సిలుతో అది కూడా రాసుకున్నాను.