నడిబొడ్డు వెదకికొన్న నగరము

ఊరు ముందు పుట్టును. అంగడి పిమ్మట పుట్టును. నలుగురు కాపురమున్నచోట బాట యేర్పడును. బాట ప్రక్కన అంగడి వెలయును. అంగడి చుట్టును వీథి పెరుగును. లోకమున పెక్కు పట్టణముల చరిత్ర ఇదియే. కాని అమెరికాలోని కొలరాడో రాష్ట్రమునందలి లేక్‌వుడ్ నగరపు కథ ఇందుకు విరుద్ధముగా నడచినది. అచట అంగడి 1966లో వెలసినది. పౌరులు ఓటువేసి నగరపాలన నేర్పరచుకొన్నది 1969లో. ముప్పదియైదేండ్లకు ఆ అంగడి మూతపడెను. అప్పుడు దానిని కూల్చి, ఆ నేలమీదనే ఊరికి నడిబొడ్డును కట్టికొనవలసి వచ్చెను. తలక్రిందులుగా మొదలైన కథను సరిదిద్దుకొనుట యెంత కష్టమో ఈ నగరము చెప్పగలదు.

ఆ అంగడి సామాన్యమైనది కాదు. దానిని మాల్ అందురు. నేడు హైదరాబాదు పిల్లలకు సైతము చిరపరిచితమైన ఈ కట్టడమును గూర్చి ఒక విశేషము కలదు. దీనిని కల్పించినవాడు అంగడిని కోరలేదు, ఊరిని కోరెను.

ఆయన పేరు విక్టర్ గ్రూయెన్. 1903లో వియన్నాలో జన్మించిన యూదు వాస్తుశిల్పి. 1938లో ఆస్ట్రియా నాజీల వశము కాగా దేశము విడిచి అమెరికా చేరెను. కాఫీశాలలు, చౌకములు, కాలినడకన తిరుగు జనము గల నగరమున పెరిగిన ఆయనకు అమెరికా శివారులు వింతగా తోచినవి. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట లక్షల కుటుంబములు పట్టణములు విడిచి శివారులకు తరలుచుండెను. అచట ఇంటి ముంగిట పచ్చిక కలదు, కారు కలదు, కాని పొరుగువాడు ఎదురుపడు చోటు లేదు. ఉప్పునకైనను పప్పునకైనను కారెక్కవలసినదే. ఈ కొరత తీర్చుటకై ఆయన ఒక ఉపాయ మాలోచించెను. 

దాని ఫలమే సౌత్‌డేల్. మిన్నెసోటా రాష్ట్రమున మినియాపొలిస్ చెంతనున్న ఈడైనాలో 1956 అక్టోబరున ఇది తెరువబడినది. ఒకే కప్పు క్రింద 72 దుకాణములు. వెలుపల 5,200 కార్లు నిలుపుటకు స్థలము. ఆ సీమలో చలికాలమున మంచు గడ్డకట్టును. వేసవి యెండ తీవ్రము. కనుక లోపల ఏడాది పొడవునను ఒకే తీరు వెచ్చదనము నిలిపిరి. నడుమ విశాలమైన ముంగిలి, అందు చెట్లు, పక్షుల పంజరము, కాఫీశాల నెలకొల్పిరి. పైకప్పు గల వియన్నా చౌకమువలె అది ఉండవలెనని గ్రూయెన్ కోరిక.

అయితే ఆయన గీసిన పటములో అంగడి ఒక భాగము మాత్రమే. దాని చుట్టును ఇండ్లు, పాఠశాలలు, వైద్యాలయము, ఉద్యానము, చెరువు ఉండవలెనని ఆయన సంకల్పించెను. కట్టించినవారు అంగడిని కట్టించిరి. అది లాభించినది. దానితో చుట్టుపట్ల భూమి ధర పెరిగినది; ఒకే నెలవుగా ఊరు కట్టవలెనన్న తలంపు అడుగంటినది. దేశమంతటను అనుకరించినవారును అంగడినే అనుకరించిరి, ఊరిని విడిచిరి. సుప్రసిద్ధ వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్ సౌత్‌డేల్‌ను చూచి, పల్లెవీథి చెడుగులన్నియు ఇందున్నవి గాని దాని సొగసు లేదని ఆక్షేపించెను. తుదకు గ్రూయెనే విసుగు చెంది వియన్నాకు మరలిపోయెను. 1978లో లండనులో ప్రసంగించుచు, ఆ మాల్‌లకు తన్ను తండ్రి యనరాదని నిష్ఠూరముగా పలికెను. 1980లో కన్నుమూసెను.

లేక్‌వుడ్‌లో 1966లో వెలసిన విల్లా ఇటాలియా ఇట్టి మాల్‌లలో ఒకటి. డెన్వరు నగరమునకు పడమట, వాడ్స్‌వర్త్, అలమీడా అను రెండు పెద్ద రహదారులు కలియుచోట దానిని కట్టిరి. పాతకాలపు పెద్దవీథి యేదియు లేని ఆ నగరమునకు ఆ మాలే నడిబొడ్డు వంటిదైనది. కాని వీథికి తలుపులుండవు; మాల్‌కు తలుపులును తాళములును కలవు. అందు నడచుటకు యజమాని అనుమతి కావలెను. యజమానికి లాభమున్నంతవరకే ఆ నడిబొడ్డు.

1990 తరువాతి దశకమున ఆ లాభము తరిగెను. మాల్ బ్రదుకునకు ఒక సూత్రము కలదు. పెద్ద దుకాణములు జనమును రప్పించును. ఆ జనము నడుమ దారిలో నడచునప్పుడు చిన్న దుకాణములకు బేరము దొరకును. ఒక పెద్ద దుకాణము మూతపడెనా, నడచువారు తగ్గుదురు. చిన్న దుకాణములు ఒక్కొక్కటిగా దీపమార్పును. చీకటిపడిన నడవలను చూచి మిగిలినవారును తరలిపోవుదురు. ఇంతలో 1996లో డెన్వరునకు దక్షిణమున పార్క్ మెడోస్ అను క్రొత్త మాల్ వచ్చినది. 2001లో విల్లా ఇటాలియా మూతపడినది.

ఇది ఒక వర్తకుని నష్టముతో ముగియు విషయము కాదు. కొలరాడో నగరములు తమ వ్యయమునకై అమ్మకపు పన్నుమీద మిక్కిలిగా ఆధారపడును. మాల్ చితికినచో రోడ్లకు, పోలీసులకు, ఉద్యానములకు వలయు రాబడియు చితుకును. కనుక ఆ నేలను ఏమి చేయవలెనను ప్రశ్న నగరమంతటికిని ప్రశ్న యయ్యెను. పౌరుల సలహాసంఘము కూర్చున్నది. పాత మాల్‌కు రంగులు వేసి మరల తెరువుడని గాని, పెద్ద గిడ్డంగుల వంటి దుకాణములను పిలువుడని గాని చెప్పుట సులభము. వారు కోరినది ఊరునకు ఒక నడిబొడ్డు.

కోరుట తేలిక, కట్టుట కష్టము. భూమి యొకరిది, కట్టడము వేరొకరిది, దుకాణముల కౌళ్లు ఇంకెందరివో. ఆ చిక్కులు విప్పవలసి వచ్చెను. కట్టడమునందు ఆస్బెస్టాసు ఉండెను. బట్టలు శుభ్రపరచు దుకాణపు రసాయనములు నేలలో ఇంకి యుండెను. అవి తొలగింపవలసి వచ్చెను. వీథులు, మురుగుకాలువలు, పార్కింగు కట్టడములకగు వ్యయము పెద్దది. దానికై ఆ చోట జరుగు విక్రయములపై తనకు రావలసిన పన్నులో కొంత భాగమును నగరము వదలుకొనెను. కాంటిన్యువమ్ పార్ట్‌నర్స్ అను సంస్థ నిర్మాణమునకు పూనుకొన్నది. కూలిన కాంక్రీటును నలుగగొట్టి మరల వాడుకొనిరి. 2004లో తొలిభాగము తెరువబడినది. ఆ చోటికి బెల్మార్ అని పేరిడిరి. డెన్వర్ పోస్ట్ పత్రిక యజమానులలో ఒకడైన ఫ్రెడరిక్ బాన్‌ఫిల్స్ కుమార్తె మే బాన్‌ఫిల్స్ స్టాంటన్ పూర్వ మా ప్రాంతమున కట్టించుకొన్న భవనపు పేరది.

బెల్మార్ రూపము చూడగా మార్పు ఎక్కడనో తెలియును. విల్లా ఇటాలియా 104 ఎకరముల స్థలములో ఒక్కటే కట్టడము. చుట్టును కార్ల మైదానము. అదే నేలను ఇప్పుడు వీథులతో కోసి, 22 బ్లాకులుగా విభజించిరి. పొట్టి బ్లాకుల వలన నడచువానికి అడుగడుగునకు మలుపు దొరకును. ఒకే చోటికి పలు త్రోవలుండును. మాల్ గోడ వెలుపలికి గ్రుడ్డిది. ఇచట దుకాణముల కిటికీలు వీథివైపు చూచును. క్రింద అంగడి, పైన కాపురము. తెలుగు పట్టణముల పాత బజారులలో తాతలనాటినుండి ఉన్న ఈ యేర్పాటు అమెరికా శివారునకు క్రొత్త. పైయంతస్తున మనుష్యులున్నచోట అంగళ్లు మూసిన పిమ్మటను వీథిలో దీపముండును, చూచు కన్నులుండును. కార్లను బ్లాకుల వెనుకకును మేడలలోనికిని పంపిరి. ఒక పార్కింగు మేడ ముంగిట చిత్రకారుల గదులను వరుసగా నిర్మించి దాని మోటుదనమును మరుగుపరచిరి. చలికాలమున చౌకములో పిల్లలు మంచుమీద జారుచు ఆడుకొందురు.

ఇంతమాత్రముచేత అంతయు చక్కబడినదని చెప్పరాదు. బెల్మార్ లోపల నడక సుఖమే; వెలుపల ఆ రెండు రహదారులు యథాతథముగా నున్నవి. 2013లో డెన్వరునుండి వచ్చిన రైలుమార్గము బెల్మార్‌ను తాకక ఉత్తరముగా సాగిపోయినది. కావున నడచుటకు కట్టిన చోటికి పలువురు కారులోనే వచ్చుచున్నారు. వందలయేండ్లలో పలువురి చేతులమీదుగా పెరుగు వీథికిని, ఒకే సంస్థ కొలది యేండ్లలో కట్టిన వీథికిని భేద ముండక మానదు.

అంతకంటె పెద్ద ప్రశ్న మనుష్యులది. నడకకు అనువైన ఊరు కావలెనన్న ఇండ్లు దగ్గరగా ఉండవలెను. జనము చిక్కగా ఉండవలెను. అంగడికి నడచి వచ్చువారు చాలినంత లేనిచో అంగడి నిలువదు. కాని 2019లో లేక్‌వుడ్ ఓటర్లు, నగరమున ఇండ్ల సంఖ్య ఏటా 1 శాతమునకు మించి పెరుగరాదని తీర్మానించిరి. ఎత్తయిన కట్టడములు, రద్దీ, తమకు తెలిసిన ఊరు మారిపోవునను దిగులు ఆ తీర్మానమునకు మూలము. ఇండ్లు తక్కువైనచో అద్దెలు పెరుగును, క్రొత్తవారికి చోటు దొరకదని రెండవ పక్షమువారు వాదించిరి. 2023లో కొలరాడో శాసనసభ అట్టి పరిమితులను నిషేధించినది. చట్టము తగవును తీర్పగలదు గాని దిగులును తీర్పజాలదు. పాతవారి దిగులును నిజమే. క్రొత్తవారి అవసరమును నిజమే.

గ్రూయెన్ పటములో నుండి వర్తకులు తొలగించినవి ఇండ్లు. లేక్‌వుడ్‌వారు అర్ధశతాబ్దము పిమ్మట ఎంతో వ్యయపడి మరల తెచ్చుకొన్నవియు అవియే. క్రొత్త శివారులు, క్రొత్త మాల్‌లు వెలయుచున్న తెలుగు నగరములలో బడిపిల్లవాడు పలక చేతబట్టి, ముదుసలి కఱ్ఱ చేతబట్టి నిర్భయముగా నడువగల వీథికి పటములో చోటు ముందే విడిచిరా యని అడుగుట మేలు. కట్టిన పిదప కూల్చి వీథి వేయుట సాధ్యమే. అందుకు ఎంత మూల్యము చెల్లింపవలెనో లేక్‌వుడ్ చూపినది.